గౌరవం కోసం అచ్చేసిన లైసెన్సు నంబరు

మా ఆవిడ లైసెన్సు రికార్డును ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు. రాష్ట్రం వాళ్ళ వెబ్‌సైట్‌లో పేరు కొడితే చాలు, రిజిస్టర్డ్ నర్సు, నంబరు ఇదీ, యాక్టివ్, ఈమె మీద చర్యలేమీ లేవు అని నాలుగు ముక్కల్లో తేల్చేస్తుంది. నా మీద అలాంటి పేజీ ఎవరూ పెట్టలేదు. పెట్టి ఉంటే "ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాడు, ఎడమ కన్ను ప్లాస్టిక్, నోరు మాత్రం యాక్టివ్" అని ఉండేది.

ఆ నాలుగు ముక్కల కోసం ఆవిడ ఎంత చదివిందో నాకు తెలుసు. హైదరాబాద్‌లో డ్యూటీ చేసి వచ్చి, అన్నం కంచం పక్కన పుస్తకం పెట్టుకుని రోగాల పేర్లు ఇంగ్లీషులో వల్లె వేసేది. పుస్తకం పట్టుకుని ప్రశ్నలడిగే డ్యూటీ నాది. నేను చదివే తీరుకి ఆ రోగాలకే రోగం వచ్చేది. అయినా పాసయింది. ఆవిడ వీసా తోక పట్టుకుని నేనూ న్యూజెర్సీ వచ్చిపడ్డాను. ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్లలో మగవాళ్ళంతా అయితే సాఫ్ట్‌వేరు, కాకపోతే మందుల కంపెనీ. నేను రూట్ వన్ హైవే పక్కన ఒక షాపులో కార్లకు ఆయిల్ మారుస్తాను. "మీరేం చేస్తారండీ?" అని ఎవరైనా అడిగితే "లూబ్రికేషన్" అంటాను. సగం మంది "ఓ, నైస్" అని వెళ్ళిపోతారు.

కన్ను సంగతి ఏమిటంటే, కుర్రతనంలో ఖమ్మంలో లేత్ మిషన్ దగ్గర పనిచేస్తుండగా ఇనుప రవ్వ ఎగిరి ఎడమది పోయింది. ఇప్పుడున్నది రంగు వేసి అచ్చం కుడిదానిలాగే చేసిన ప్లాస్టిక్ కన్ను. చూడ్డానికి బాగుంటుంది, దాంతో చూడ్డమే కుదరదు. దానితో నాకున్న పేచీ ఒక్కటే. తడి నిలవదు. ఎండాకాలం ఏసీ గాలికీ, చలికాలం హీటరు గాలికీ రెప్ప వెళ్ళి ప్లాస్టిక్‌కి అతుక్కుంటుంది. మూసి తెరిచినప్పుడల్లా గరుకు కాగితం రాసినట్టుంటుంది. అందుకని చిక్కటి చుక్కల మందు సీసా జేబులో వేసుకుని తిరుగుతాను. సరిగ్గా చేతులనిండా ఇంజన్ ఆయిల్ ఉన్నప్పుడే కన్ను ఎండుతుంది. చేతులు కడుక్కుని, మూత తీసి, తల వెనక్కి వాల్చి చుక్క వేసుకునేసరికి మా మేనేజరు "లంచ్ బ్రేక్ బాగా జరిగిందా?" అని అడుగుతాడు.

అలా తల వెనక్కి వాల్చి ఉన్న ఒక మధ్యాహ్నమే పెద్దాయన పరిచయమయ్యాడు. మందుల కంపెనీలో కెమిస్టుగా చేసి రిటైరయినవాడు. ఈ దేశానికి మాకంటే ఒక తరం ముందొచ్చినవాడు. పేరు మీద పేటెంట్లున్నాయి. రిటైరయ్యాక చేతులు ఊరుకోక ఇంటి గరాజ్‌ని ల్యాబ్ చేశాడు. కారు బయట మంచులో వణుకుతుంది, గాజు సీసాలు లోపల వెచ్చగా ఉంటాయి. ఆ రోజు ఆ వణికే కారుకి ఆయిల్ మార్పించడానికి వచ్చి, నా వైపు వంగి చూశాడు.

"ఏమోయ్, తెలుగబ్బాయివేనా? కంటికేమైంది?"

"కంటికేం కాలేదు సార్, అది ఎప్పుడో పోయింది. ఇది దాని డూపు."

"డ్రైనెస్సా?"

"ఎడారండి."

ఆయన ముఖం వెలిగిపోయింది. నా బాధ విని అంత సంతోషపడ్డ మనిషిని నేను మళ్ళీ చూడలేదు. "ఇట్ ఈజ్ ఎ సాల్వబుల్ ప్రాబ్లమ్ అబ్బాయ్! ఆదివారం మా ఇంటికి రా. భోజనం కూడా మా ఇంట్లోనే."

కార్లకు ఆయిల్ మార్చేవాడికి కంటికి ఆయిల్ మార్చేవాడు దొరికాడు.

మొదట ఒక జిగురు మందు కలిపాడు. అది వేసుకుంటే తడి బాగానే నిలిచింది, నిలవనిది కన్నే. లోపల జారి పక్కకి తిరిగిపోయేది. నేను ఆంటీతో, అంటే పెద్దాయన భార్యతో, మాట్లాడుతుంటే ఆ కన్ను వంటింటి వైపు చూసేది. "ఇంకా ఆకలిగా ఉందా నాయనా?" అని ఆవిడ మరో రెండు గారెలు వేసేది. ఆ మందు ఆపేసినప్పుడు నాకు కాస్త బాధే కలిగింది.

తర్వాత అసలైనది మొదలుపెట్టాడు. కళ్ళజోడు. దాని ఎడమ కాడలో సన్నటి మందు గొట్టం, అక్కణ్ణుంచి వెంట్రుకంత పైపు కంటి మూలకి. చెవి వెనక నొక్కితే ఒక చుక్క పడాలి. మొదట్లో నొక్కినా నొక్కకపోయినా పడేది. అది పెట్టుకుని ఎవరిదో గృహప్రవేశానికి వెళ్తే, వ్రతం జరుగుతున్నంతసేపూ నా ఎడమ చెంప మీద ధారగా కారింది. పక్కనున్న పెద్దావిడ చూసి చూసి, "అయ్యో, ఒక్క కన్నే ఏడుస్తోందేం బాబూ?" అంది.

"రెండోదానికి ఇంకా విషయం తెలీదండి," అన్నాను.

నవ్వులాట మాట అలా ఉంచితే, చివరికి అది పని చేసింది. పెద్దాయన లోపల బుల్లి రబ్బరు మూత పెట్టాడు. చేతులకు నూనె ఉన్నా పరవాలేదు, భుజంతో చెవి వెనక ఒత్తితే ఒకే చుక్క, సరిగ్గా మూలకి. కార్ల కింద పడుకుని కూడా వేసుకునేవాణ్ణి. మా ఆవిడ మాత్రం దాన్ని చూసినప్పుడల్లా నొసలు చిట్లించేది.

"నువ్వు వాడుకుంటే వాడుకో. ఆ పైపు రోజూ కడుగు. ఇంకెవరికీ మాత్రం పెట్టకు. గరాజ్‌లో చేసింది స్టెరైల్ కాదు. నీదంటే ప్లాస్టిక్, వేరేవాళ్ళవి నిజం కళ్ళు."

"మరి ఆయనతో ఆ మాట చెప్పు."

"చెప్పాను. ఐ డాక్టర్‌కి చూపించండి అంకుల్ అన్నాను. తప్పకుండా అమ్మా అన్నారు."

ఆవిడకి ఆ పరికరంతో ఉన్న సంబంధం మొత్తం అదే. ఆవిడ పనిచేసేది కిడ్నీల వార్డులో, రాత్రి డ్యూటీ.

మన శుభలేఖల్లో ఒక పద్ధతి ఉంది. కింద ఒక పక్కన ఆహ్వానించేవాళ్ళ పేర్లని చెప్పి పెదనాన్నలనీ, మేనమామలనీ, బావగార్లనీ వరసపెట్టి అచ్చేస్తాం. ఎవరినీ అడగం. అడిగితే "నన్ను కూడా అడగాలా?" అని నొచ్చుకుంటారు. వెయ్యకపోతే పెళ్ళికే రారు. పేరు వెయ్యడమంటే గౌరవం. పెద్దాయన ఈ దేశంలో జీవితమంతా గడిపినా ఆ పద్ధతి మాత్రం చెక్కు చెదరలేదు.

మా తెలుగువాళ్ళ హెల్త్ ఫెయిర్ ఒకటి జరిగింది. ఊళ్ళో డాక్టర్లు వచ్చి బీపీలూ షుగర్లూ చూస్తారు, చివర పులిహోర పెడతారు. దానికి పెద్దాయన తన కళ్ళజోడు గురించి రంగుల కరపత్రం వేయించాడు. నేను పనిలో, ఆవిడ నిద్రలో ఉండి వెళ్ళలేదు. కరపత్రం మాత్రం సాయంత్రానికల్లా వాట్సాప్‌లో మా ఇంటికే వచ్చింది. పైన కళ్ళజోడు బొమ్మ. మధ్యలో నా సగం ముఖం, అదీ ప్లాస్టిక్ సగం. కింద బంగారు రంగు గీతల మధ్య, "వీరి పర్యవేక్షణలో" అని మా ఆవిడ పేరు, పక్కన ఆర్.ఎన్., దాని కింద లైసెన్సు నంబరు, ఆ కింద వెబ్‌సైట్ లోంచి ఫొటో తీసిన ఆవిడ రికార్డు పేజీ. యాక్టివ్ అన్న ముక్కకి చుట్టూ తోరణంలాగా పూలు వేయించాడు.

మా ఆవిడ ఫోనులో దాన్ని వేళ్ళతో సాగదీసి పెద్దది చేసి చూసింది.

"ఇదేంది? నా నంబరేంది దీని మీద?"

"పూలు బాగున్నాయి కదా," అన్నాను. ఆవిడ చూసిన చూపుకి నా మంచి కన్ను కూడా ఎండిపోయింది.

ఆ రాత్రే ఫోన్ చేసి తీసేయమని చెప్పింది. "అలాగేనమ్మా, నీకు మొహమాటం ఎక్కువ," అన్నాడు పెద్దాయన, ఎంతో మురిపెంగా. కానీ అప్పటికే అక్కడ కొందరికి కళ్ళజోళ్ళు ఇచ్చేశాడు. వాళ్ళలో ఒకాయన రోజంతా కంప్యూటర్ చూసి కళ్ళు మండుతున్నాయని తన నిజం కంటికి దాన్ని పెట్టాడు. కన్ను ఎర్రబడింది. డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు, చేతిలో కరపత్రంతో. కన్ను త్వరలోనే బాగయింది. కరపత్రం మాత్రం ఆ డాక్టరు ఆఫీసు నుంచి, లైసెన్సులిచ్చే నర్సుల బోర్డుకి చేరింది.

బోర్డు వాళ్ళ ఉత్తరం మర్యాదగానే ఉంది. మీ లైసెన్సు చూపించి ఒక పరికరాన్ని ప్రచారం చేస్తున్నారు, ఆ పరికరానికి అనుమతి లేదు, దీనికి మీరు ఒప్పుకున్నారా, వివరణ ఇవ్వండి అని. తప్పేమీ లేదు, వాళ్ళ పని వాళ్ళు చేశారు. ఎవరి మీదా అరవడానికి లేకుండా మర్యాదగా ఉండటమే నాకు ఎక్కువ మంట పుట్టించింది.

ఎందుకంటే సరిగ్గా అప్పుడే టెక్సస్‌లో, ప్లేనో అనే ఊళ్ళో ఒక ఆసుపత్రి మా ఆవిడకి పగటి డ్యూటీ ఇస్తామంది. ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ పగలు నిద్రపోతోంది. కిటికీలకు నల్ల దుప్పటి కట్టుకుని, నేను గరిటె కింద పడేస్తే ఉలిక్కిపడి లేస్తూ. మనుషుల్లాగా పొద్దున్న వెళ్ళి సాయంత్రం రావాలని ఆవిడ కోరిక, అంతకంటే ఏమీ లేదు. ఆ ఉద్యోగం అప్లికేషన్‌లో ఒక ప్రశ్న ఉంది: మీ లైసెన్సు మీద ఏదైనా విచారణ నడుస్తోందా? ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. నడుస్తోందని రాసింది. అది తేలాక చెప్పండి, కొన్నాళ్ళు ఆగుతాం అన్నారు వాళ్ళు. ఎన్నాళ్ళో చెప్పలేదు.

లాయరు ఒకమ్మాయి ఫోన్‌లో చెప్పింది: పెద్దాయన ఒక్క ముక్క రాసిస్తే చాలు, ఆమెను అడగకుండా నేనే ఆమె పేరు వాడాను అని. ఒక్క ముక్కే కదా అని నేను బయల్దేరాను.

పెద్దాయన విని నొచ్చుకున్నాడు. బోర్డు మీద, డాక్టరు మీద, ఈ దేశం మీద. "ఎంత పని జరిగిందోయ్! ఇప్పుడే రాసిస్తాను," అని లోపలికెళ్ళి, చక్కగా టైప్ చేసి తెచ్చాడు. నాకు వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రం, అయినా మొదటి వాక్యానికే ప్రమాదం అర్థమైంది. ఈ అమ్మాయి నాకు కన్నకూతురితో సమానం, తండ్రీ కూతుళ్ళ మధ్య పర్మిషన్ అన్న మాటే ఉండదు అని ఉంది.

"సార్, ఇది చూస్తే మీరిద్దరూ కలిసి పెట్టిన ఫ్యామిలీ బిజినెస్ అనుకుంటారు."

"అడగకుండా వాడాను అంటే ఏం బాగుంటుందోయ్? నేనేమైనా దొంగనా?"

"దొంగ అని రాయక్కర్లేదు. అడగలేదు అని రాయండి."

"సరే, మార్చి రాస్తాను. వచ్చే ఆదివారం రా."

ఆ ఆదివారానికి మరీ పొడుగ్గా రాశాడు. ఆవిడ సేవాభావం మీద ఒక పేరా, కిడ్నీ రోగుల దీవెనల మీద ఒక పేరా, చివర్లో పరికరం తయారీలో ఆమె ఇచ్చిన సలహా అమూల్యమైనది అని. ఐ డాక్టర్‌కి చూపించమని ఆవిడ చెప్పిన మాటే ఆయన లెక్కలో అమూల్యమైన సలహా! ఇంటికొచ్చి చదివి వినిపిస్తే మా ఆవిడ తల పట్టుకుంది. "ఇంకొక్కసారి పొగిడితే నా లైసెన్సు పోతుంది," అంది.

మూడోసారి నేను తెలివి ఉపయోగించాను. అదే నా పొరపాటు. ఆయనకు పేటెంట్లంటే ప్రాణం కదా, ఆయన భాషలోనే చెప్దామనుకున్నాను.

"సార్, మీరు వెయ్యబోయే ఈ కళ్ళజోడు పేటెంట్‌లో కనిపెట్టినవాళ్ళ దగ్గర నా పేరు కూడా నేనే రాసేసుకుంటే ఎలా ఉంటుంది? మిమ్మల్ని అడగకుండా. గౌరవం కోసం."

మండిపడతాడని చూశాను. మండిపడితే, చూశారా, మా ఆవిడకీ అలాగే ఉంది అందామని ఆ మాట నాలుక చివరే పెట్టుకున్నాను. పెద్దాయన లేచి వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు.

"నా బుద్ధికి తోచలేదు అబ్బాయ్! నీ కన్ను లేకపోతే ఈ ఇన్వెన్షనే లేదు. ఈ రోజే మా పేటెంట్ అటార్నీకి ఈమెయిల్ చేస్తాను."

చేశాడు కూడా. నేను కార్లో ఇంటికి చేరేలోపల. ఇప్పుడు కరపత్రం మీద పేరున్న నర్సు మొగుడు ఆ పరికరానికి సహ ఆవిష్కర్త. మా ఆవిడకి చెప్తే తిట్టలేదు. తిడితే బాగుండేది. డ్యూటీకి డబ్బా సర్దుకుంటూ, "పొద్దున నేనే పోతాను. నువ్వు నోరు మూసుకుని పక్కన కూర్చో," అంది.

పొద్దున డ్యూటీ దిగి, నీలం యూనిఫాంలోనే, మెడలో బ్యాడ్జీతోనే వచ్చింది. పెద్దాయన వాకిట్లోకొచ్చి, "రామ్మా, రామ్మా, కాఫీ తాగుదువుగాని," అన్నాడు.

"కాఫీ తర్వాత అంకుల్. కూర్చోండి."

భోజనాల బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. ఆవిడ పర్సులోంచి తెల్లకాగితం తీసింది, జేబులోంచి పెన్ను తీసింది. ఆవిడ పని తీరు నేను అంతవరకూ ఎప్పుడూ చూడలేదు. ఆసుపత్రికి కొత్తగా వచ్చిన పేషంట్లు గుండెనొప్పి ఉందా అంటే కోడలి సంగతి చెప్తారట. వాళ్ళ దగ్గర్నుంచి కావలసిన ముక్క రాబట్టడం ఆవిడకి రోజూ చేసే పని.

"అంకుల్, నేను అడుగుతాను. మీరు యెస్ ఆర్ నో చెప్తే చాలు. పాంఫ్లెట్‌లో నా పేరు వేసేముందు నన్ను అడిగారా?"

"అడగడమంటే అమ్మాయ్, నీకూ నాకూ మధ్య..."

"యెస్ ఆర్ నో అంకుల్."

"నో. కానీ..."

ఆవిడ రాసుకుంది. "నా లైసెన్సు పేజీ వేసేముందు?"

"అది పబ్లిక్ రికార్డు కదమ్మా, ఎవరైనా..."

"అడిగారా?"

"నో."

"పర్యవేక్షణ అని వేశారు. నేను ఎప్పుడైనా గరాజ్‌లోకి వచ్చానా?"

"నీకు టైమెక్కడిదమ్మా పాపం, రాత్రంతా డ్యూటీ..." ఆవిడ పెన్ను ఆగింది. "నో," అన్నాడు.

"ఇది వాడమని నేను ఎవరికైనా చెప్పానా?"

"నో."

వంటింట్లోంచి ఆంటీ గొంతు వినిపించింది. "పెళ్ళయిన దగ్గర్నుంచీ నేనూ అడుగుతున్నాను తల్లీ, యెస్సో నోనో చెప్పండీ అని. ఇన్నాళ్ళకి నీకు చెప్పారు!"

"పేటెంట్‌లో మా ఆయన పేరు?"

"అది అతనే అడిగాడు!"

ఆవిడ నా వైపు తిరగలేదు. "తీసేస్తారా?"

"యెస్."

"అలర్జీలేమైనా ఉన్నాయా?" అని అలవాటు కొద్దీ అడిగేసి, నాలుక కరుచుకుంది. నేను నవ్వబోయి, చెప్పినమాట ప్రకారం నోరు మూసుకున్నాను.

రాసింది ఆయన ముందు పెట్టింది. ఆమెను అడగలేదు. ఆమెకు తెలియదు. ఆమె ఇందులో పనిచేయలేదు. ఎవరికీ వాడమని చెప్పలేదు. పొగడ్త ఇరికించడానికి ఎక్కడా సందు లేదు. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు.

"దీంట్లో నేను పరాయివాడిలా ఉన్నానమ్మా."

"దీంట్లో మీరు అడగలేదు అని మాత్రమే ఉంది అంకుల్."

సంతకం పెట్టాడు. పెన్ను మూత పెట్టి, గరాజ్‌లోకి వెళ్ళిపోయాడు. కాఫీ ఆంటీ ఇచ్చింది. ముగ్గురం తాగాం. వచ్చేముందు మా ఆవిడ నా ముఖం మీది కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

బోర్డు నుంచి జవాబు తాపీగా వచ్చింది. చర్య తీసుకోవడం లేదు, ఫైలు మూసేశాం అని. మా ఆవిడ వెబ్‌సైట్ తెరిచి తన పేజీ చూసుకుంది. రిజిస్టర్డ్ నర్సు, నంబరు, యాక్టివ్, చర్యలేమీ లేవు. ముందు ఎలా ఉందో అలాగే ఉంది.

"అంతేనా? ఇంత చేస్తే, పాపం ఈమె తప్పేం లేదని ఒక్క ముక్కయినా రాయరా?"

"అలా రాస్తే, ఏదో జరిగిందని అందరికీ తెలుస్తుంది. ఏమీ లేకుండా ఉండడమే కావాల్సింది," అంది. ప్లేనో ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఆ పగటి డ్యూటీ వేరే ఆవిడకి ఇచ్చేశారట. మళ్ళీ ఖాళీ వస్తే పిలుస్తామన్నారు, ఎంతో మర్యాదగా. ఆవిడ థాంక్యూ చెప్పి, కిటికీకి నల్ల దుప్పటి కట్టుకుని పడుకుంది. నేను గిన్నెలు చప్పుడు చేయకుండా కడుగుతూ, ఎవరిని తిట్టాలో తెలియక నల్లాని తిట్టాను.

మొన్న ఇండియన్ స్టోర్లో నేనూ మా ఆవిడా కొత్తిమీర ఏరుతుంటే పెద్దాయన ఎదురయ్యాడు. ట్రాలీ ఆపి, దూరంగానే నిలబడ్డాడు. మునుపయితే దగ్గరికొచ్చి నా గడ్డం పట్టుకుని కన్ను పైకెత్తి చూసేవాడు. హీటరు గాలికి అది ఎండి రెప్ప ఎర్రగా ఉంది, ఆయనకి అంత దూరం నుంచీ తెలిసిపోయింది. జేబు వైపు చెయ్యి వెళ్ళింది, ఆగింది.

"అమ్మాయ్, అతని కంటికి ఒకటి చెప్పొచ్చా? యెస్ ఆర్ నో?"

వెక్కిరింతో, నిజంగా అడగడమో నాకు అర్థం కాలేదు. మా ఆవిడ మాత్రం తడుముకోలేదు.

"నో అంకుల్." తర్వాత మెల్లగా, "మీరెలా ఉన్నారు?" అంది.

"దానికి యెస్ ఆర్ నో లేదు కదమ్మా," అన్నాడు. ట్రాలీ తోసుకుంటూ బియ్యం బస్తాల వైపు వెళ్ళిపోయాడు.

మా ఆవిడ కొత్తిమీర కట్ట నా చేతిలోంచి తీసుకుని, వాడిన ఆకులు తుంచడం మొదలుపెట్టింది. కొనకముందే తుంచకూడదని అక్కడ బోర్డు ఉంది. నేను దానికి అడ్డంగా నిలబడ్డాను.